ఆక్ ప్యాకెట్‌లో డేటా: జవాబు ఒక అడుగు వెనక ఎందుకు?

ఆర్డుయినో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు ఎన్ఆర్ఎఫ్24 రేడియో మాడ్యూల్ తగిలించినవాళ్లను తరచూ తికమక పెట్టే సంగతి ఇది. ఒక నోడు (రేడియో ఉన్న పరికరం) రీడింగ్ అడుగుతుంది, ప్యాకెట్ అందిందని రెండో నోడు పంపే ఆక్ (అక్నాలెడ్జ్‌మెంట్)లోనే జవాబు వస్తుంది. తీరా చూస్తే అది ఇందాకటి ప్రశ్నకు జవాబు. లైబ్రరీలో బగ్ ఉందనుకుంటారు చాలామంది. నిజానికి ఆ పద్ధతి పుట్టుకే అంత.

మొదట్లో ఆక్ అంటే వట్టి రసీదు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో నడిపిన అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్‌లో, ప్యాకెట్ అందినట్టు కేంద్రం నుంచి కబురు రాకపోతే టెర్మినల్ కాసేపాగి మళ్లీ పంపేది. ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్‌లో ఈ రసీదుకు విడి ప్యాకెట్ దండగని ఎదురు దిశలో వెళ్లే డేటాకే తగిలించారు. ఇంటర్నెట్‌లో డేటా చేరవేసే టీసీపీ 1981 నాటి ప్రమాణంలోనూ అంతే. డేటా వెంట ఆక్ వెళ్లడం అప్పటికే మామూలు. ఆక్ వెంట డేటా వెళ్లాల్సిన అవసరం మాత్రం బ్యాటరీతో నడిచే పరికరాలతో గట్టిగా ముందుకొచ్చింది.

బ్యాటరీ నోడు ఎక్కువసేపు నిద్రపోతుంది. ఎన్ఆర్ఎఫ్24ఎల్01 ప్లస్ చిప్‌నే తీసుకుంటే పడుకున్నప్పుడు దాదాపు 900 నానోయాంపులు, 2 ఎంబీపీఎస్ వేగంతో వింటున్నప్పుడు 13.5 మిల్లీయాంపులు లాగుతుంది. అంటే సుమారు 15 వేల రెట్లు. అలాంటి నోడుకు ఏదైనా చెప్పాలంటే అది తనంతట తాను ప్యాకెట్ పంపి ఆక్ కోసం చెవి ఒగ్గిన ఆ కాసేపట్లోనే చెప్పాలి. తక్కువ విద్యుత్తుతో నడిచే రేడియోల కోసం వచ్చిన 2003 నాటి 802.15.4 ప్రమాణం ఇక్కడ పిసినారితనం చూపింది: ఆక్ మొత్తం 5 బైట్లు, చిరునామా కూడా లేదు. నీకోసం ఇంకో ప్యాకెట్ ఉందని చెప్పే ఒక్క బిట్ పెట్టి ఊరుకుంది. ఆ ప్యాకెట్ కోసం నోడు ఇంకాసేపు మేలుకోవాల్సిందే.

నార్వేకు చెందిన నార్డిక్ సెమీకండక్టర్ తన ఎన్‌హాన్స్‌డ్ షాక్‌బర్స్ట్ ప్రోటోకాల్‌లో ఆక్‌లోనే 32 బైట్ల దాకా పేలోడ్‌కు (అసలు డేటాకు) చోటిచ్చింది. చిక్కల్లా సమయంతోనే. ప్యాకెట్ అందాక 130 మైక్రోసెకన్లలో రేడియో స్వీకరణ నుంచి ప్రసారానికి మారి ఆక్ పంపేస్తుంది. ఆ పని చిప్‌దే, మైక్రోకంట్రోలర్‌ను అడగదు. ప్యాకెట్ చదివి జవాబు తయారు చేసే వ్యవధి ఉండదు కాబట్టి, పంపాల్సిన డేటాను ముందే చిప్‌లోని బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) పెట్టి ఉంచాలి. రిజిస్టర్డ్ పోస్టు రసీదు కార్డు మీద, ఉత్తరం విప్పకముందే జవాబు రాసి సిద్ధంగా ఉంచుకున్నట్టు. బఫర్‌లో మూడు పేలోడ్లు పడతాయి. మూడూ నింపితే ఇంకా పాత జవాబులు వస్తాయి, ఒకటే పెట్టుకోవడం మేలు.

ఇంకో తంటా: పేలోడ్ పెరిగితే ఆక్ పొడవు కూడా పెరుగుతుంది. 2 ఎంబీపీఎస్, 5 బైట్ల చిరునామా వాడితే, 250 మైక్రోసెకన్ల రీట్రై విరామంలో (ఆక్ రాకపోతే మళ్లీ పంపే ముందు ఆగే సమయంలో) 15 బైట్లే పడతాయి. 1 ఎంబీపీఎస్‌లో అయితే 5. అంతకన్నా పెద్దది పెడితే ఆక్ పూర్తిగా రాకముందే పంపే నోడు మళ్లీ పంపడం మొదలుపెడుతుంది. ఈ రెండు వేగాల్లోనూ విరామం 500కి పెంచితే సరిపోతుంది. 250 కేబీపీఎస్‌లో పూర్తి 32 బైట్లకు 1500 కావాలి. "రేంజ్ లేదు" అని మాడ్యూల్ మార్చేసేవాళ్లు ముందు ఈ సెట్టింగ్ చూడాలని నా అభిప్రాయం.

802.15.4 కూడా 2012లో 802.15.4ఇ సవరణతో మారింది. కొత్త ఆక్‌లో అదనపు సమాచారం పెట్టవచ్చు. నోడ్లన్నీ ముందే కేటాయించిన సమయాల్లో, ఛానెళ్లు మారుస్తూ మాట్లాడుకునే టీఎస్‌సీహెచ్ పద్ధతిలో గడియారం ఎంత తప్పిందో నోడుకు ఆక్‌లోనే చెబుతారు. ఇక్కడ ప్యాకెట్‌కూ ఆక్‌కూ మధ్య సుమారు ఒక మిల్లీసెకను ఉంటుంది. అందుకే ఆ ఆక్‌లో ఇప్పుడే అందిన ప్యాకెట్ గురించే చెప్పగలుగుతున్నారు.