పేరొక పిట్టది, మోసేది ఇంకొకటి

అమెజాన్, ఒరినోకో నదుల అడవుల్లో, నీటి మీదికి వంగిన కొమ్మల్లో హొయాట్సిన్ అనే పక్షి ఉంటుంది. సుమారు 65 సెంటీమీటర్ల పొడవు, కిలోకి కాస్త తక్కువ బరువు, నీలం ముఖం, ఎర్రటి కళ్ళు, తల మీద చెదిరిన కుచ్చు. దీని పేరు మాత్రం ఈ అడవులది కాదు. మెక్సికోది. మెక్సికోలో ఈ పక్షే లేదు.

1570లలో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ వైద్యుడు ఫ్రాన్సిస్కో హెర్నాండెజ్ మెక్సికోలో మొక్కలనూ జంతువులనూ నమోదు చేస్తూ, అక్కడి మూలవాసుల నావాట్ల్ భాషలో 'వాక్‌త్సిన్' అనే పక్షి గురించి రాశాడు. అది పాముల్ని తింటుందనీ, దాని కూతే దాని పేరనీ అన్నాడు. ఇవి చాలావరకు సరిపోయేది నవ్వుడేగకి. స్పానిష్‌లో నేటికీ దాన్ని 'గ్వాకో' అనే పిలుస్తారు, అదీ కూతను బట్టే. చివరి 'త్సిన్' గౌరవాన్నో మురిపాన్నో తెలిపే ప్రత్యయం. మనం 'గారు' తగిలించినట్టన్నమాట. పాముల వేటగాడికి ఆ మర్యాద తగినదే.

రెండు వందల ఏళ్ళ తర్వాత ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్, గయానా ప్రాంతం నుంచి వచ్చిన వేరే పక్షికి ఈ పేరు అంటగట్టాడు. 1776లో స్టాటియస్ ముల్లర్ దానికి లాటిన్ పేరు పెడుతూ నెమలికోళ్ళ (ఫెజెంట్‌ల) ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, చేర్చి, 'హొయాజిన్' అన్నాడు. శాస్త్రీయ నామాల్లో ముందు పెట్టిందే చెల్లుతుంది. అర్థం తప్పైనంత మాత్రాన పేరు కొట్టెయ్యరు. 1811లో ఇల్లిగర్ దాన్ని నెమలికోళ్ళ నుంచి విడదీసి 'ఒపిస్తోకోమస్' అనే ప్రజాతి కట్టాడు. గ్రీకులో వెనక జుట్టు గలది అని అర్థం. మొత్తం పేరులో పక్షిని చూసి పెట్టింది ఈ సగమే.

గయానాలో దీన్ని 'కంపు పిట్ట' అని కూడా అంటారు. నా లెక్కలో అన్నిటికన్నా నిజమైన పేరు ఇదే, ఎందుకంటే ఆ కంపులోనే దీని బతుకంతా ఉంది. తిండిలో అధికభాగం ఆకులే. ఆకులోని పీచు అరగాలంటే సూక్ష్మజీవులు కావాలి, వాటికి సమయం కావాలి. ఆవుకి ఆ పని అసలు కడుపుకు ముందున్న పెద్ద సంచిలో జరుగుతుంది. హొయాట్సిన్‌కి అన్నాశయంలో, అంటే కోడికి మెడ కింద గింజలు నిలిచే ఆ సంచిలోనే. అక్కడ మేత ఒకటి రెండు రోజులు పులుస్తుంది. ఆవులా నెమరు వెయ్యదు. సంచి లోపలి గట్టి మడతలే ఆకును నలుపుతాయి. కోడిలో మేత నలిపే కందనకాయ ఇక్కడ చిన్నదైపోయింది. పేడవాసన ఈ పులియబెట్టడం వల్ల వచ్చేదే.

దీనికి చెల్లించే మూల్యం ఎగరడంలో ఉంది. అన్నాశయం అంత చోటు ఆక్రమించడంతో రొమ్ము ఎముక గట్టు, దాన్ని పట్టుకునే రెక్కల కండలు కుదించుకుపోయాయి. కాసేపు ఎగిరి ధబ్బున కొమ్మ మీద పడుతుంది. తిన్నాక రొమ్మును కొమ్మకి ఆనించి కూర్చుంటుంది. అక్కడ చర్మం కాయకట్టి ఉంటుంది.

పిల్లల సంగతి ఇంకా చిత్రం. ఒక్కో రెక్క అంచున రెండేసి గోళ్ళుంటాయి. డేగ వస్తే పిల్ల గూటి నుంచి నేరుగా నీళ్ళలో దూకి, మునిగి ఈది, గోళ్ళతో కొమ్మలు పట్టుకుని పైకి ఎగబాకుతుంది. పెద్దయ్యేసరికి ఆ గోళ్ళు పోతాయి. గూడు నీటి మీదే ఎందుకు కడతాయో దీన్ని బట్టి తెలుస్తుంది: కింద నీరు లేకపోతే దూకడానికి చోటే లేదు. ఈ గోళ్ళను చూసి ఆదిమ పక్షుల వారసుడని కొందరు సంబరపడ్డారు కానీ, గోళ్ళొక్కటే చుట్టరికానికి సాక్ష్యం కావు. దగ్గరి బంధువెవరో జన్యువులు చదివినా తేలక, ఇది తన క్రమంలో, అంటే పక్షుల వర్గీకరణలోని తన పెద్ద విభాగంలో, ఒంటరిగానే మిగిలింది. గయానాకి ఇదే జాతీయ పక్షి. అక్కడ ఇంకో పేరు 'కంజే ఫెజెంట్', అంటే కంజే నది నెమలికోడి. ముల్లర్ చేసిన పొరపాటే ఇందులోనూ ఉంది.