ఐదు గోల్సు కొట్టి ఇంటిదారి పట్టిన సలెంకో

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఒక్క మ్యాచ్‌లో ఐదు గోల్సు కొట్టిన ఆటగాడి జట్టు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నుంచి ఎలా బయటపడిందని మొన్న అడిగారు కదా. ఫోనులో చెబితే లెక్క తెగదని ఉత్తరం రాస్తున్నాను.

ఒలెగ్ సలెంకో 1969లో లెనిన్‌గ్రాడ్‌లో, అంటే నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. జెనిత్, డైనమో కీవ్ జట్లకు ఆడి, సోవియట్ యూనియన్ విడిపోయాక స్పెయిన్‌లోని లొగ్రోన్యెస్ అనే చిన్న క్లబ్బులో చేరాడు.

1994లో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్‌లో రష్యా మొదట బ్రెజిల్ చేతిలో 2-0తో, తర్వాత స్వీడన్ చేతిలో 3-1తో ఓడింది. ఆ ఒక్క గోలూ సలెంకో కొట్టిన పెనాల్టీయే. జూన్ 28న కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ స్టేడియంలో కామెరూన్‌పై మాత్రం అతడు 15, 41, 44, 72, 75 నిమిషాల్లో గోల్సు చేశాడు. వాటిలో రెండోది నాకు మరీ ఇష్టం. ఎదుటి జట్టు తప్పు చేసినందుకు ఇచ్చే ఫ్రీ కిక్ దొరికినప్పుడు కామెరూన్ ఆటగాళ్లు ఇంకా సర్దుకుంటూ ఉండగానే రష్యా ఆటగాడు సింబలార్ బంతిని చటుక్కున పక్కకు తోశాడు. అక్కడికి ముందే చేరిన సలెంకో దాన్ని వలలోకి నెట్టాడు, అంతే. గోల్సు కొట్టడమే పనిగా ముందు వరుసలో ఆడే స్ట్రైకర్ పనిలో కాలి బలం కన్నా ఈ పసిగట్టడమే ఎక్కువ. అదే మ్యాచ్‌లో కామెరూన్ తరఫున 42 ఏళ్ల రోజర్ మిల్లా కూడా గోల్ కొట్టాడు. రష్యా 6-1తో గెలిచింది.

ఇక లెక్క. ఆ ప్రపంచ కప్‌లో ఆరు గ్రూపుల్లో మొదటి రెండు స్థానాల వారితో పాటు, మూడో స్థానంలో నిలిచిన ఆరు జట్లలో మెరుగైన నాలుగు ముందుకు వెళ్లాయి. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. తన గ్రూపులో మూడో స్థానంలో నిలిచిన రష్యాకు ఒకే గెలుపు, కాబట్టి 3 పాయింట్లే. మూడో స్థానంలోని అమెరికా, ఇటలీలకు 4 చొప్పున, అర్జెంటీనా, బెల్జియంలకు 6 చొప్పున వచ్చాయి. గోల్సు ఎన్నన్నది చూసేది పాయింట్లు సమానమైనప్పుడే కనుక, ఆ ఆరు గోల్సూ ఒక్క డ్రాకు సాటి రాలేదు.

టోర్నీ మొత్తంలో తాను కొట్టిన ఆరు గోల్సుతో సలెంకో, అత్యధిక గోల్సు కొట్టినవారికి ఇచ్చే గోల్డెన్ బూట్‌ను బల్గేరియా ఆటగాడు స్టొయిచ్‌కోవ్‌తో కలిసి పంచుకున్నాడు. ఆ తర్వాత రష్యాకు వచ్చిన కొత్త కోచ్ రొమాంత్‌సెవ్ అతణ్ణి జట్టులోకి పిలవలేదు. వలెన్సియా, గ్లాస్గో రేంజర్స్, ఇస్తాంబుల్ క్లబ్బులంటూ తిరుగుతుండగా మోకాలి గాయాలు అతణ్ణి కుంగదీశాయి. రష్యాకు అతడు ఆడింది మొత్తం 8 మ్యాచ్‌లు. కొట్టిన ఆరు గోల్సూ ఆ ప్రపంచ కప్‌లోవే.

మీ తాతయ్య