ఏటీవీ క్లచ్: కేబుల్ తీసి ఆయిల్ పెడితే ఏం మారుతుంది?

రాళ్లలో, బురదలో తిరిగే నాలుగు లావు చక్రాల బండి, ఏటీవీ, నడిపేవాళ్లకు ఎడమచేతి నొప్పి బాగా తెలుసు. ఇరుకు మలుపుల్లో క్లచ్ నొక్కుతూ, వదులుతూ ఉండాలి. గంట గడిచేసరికి ముంజేయి బిగుసుకుపోతుంది, వేళ్లు మాట వినవు. కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ వేయించుకోవాలన్న ఆలోచన చాలామందికి అక్కడే పుడుతుంది. వేయించుకున్నాక లివర్ తేలికైందంటారు, అదీ నిజమే. ఎందుకు తేలికైందని అడిగితే మాత్రం ‘ఆయిల్ బలాన్ని పెంచుతుంది’ అంటారు. అది సగం మాటే. అసలు సంగతి మనం తీసేసిన కేబుల్‌లో ఉంది.

బరువు పనులకు వాడే చాలా ఏటీవీల్లో బెల్టుతో నడిచే ఆటోమేటిక్ ఏర్పాటు ఉంటుంది. వాటికి క్లచ్ లివరే ఉండదు కాబట్టి ఈ మార్పు ప్రసక్తే లేదు. లివర్ ఉన్న స్పోర్ట్ రకాల్లో ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ తిరిగే ప్లేట్లను స్ప్రింగులు అదిమి పట్టి ఉంచుతాయి. ప్లేట్లను విడదీయడానికి లివర్ నొక్కినప్పుడల్లా మనం ఆ స్ప్రింగుల మీదే పోరాడుతున్నాం.

గొట్టం లోపల తీగ జారే ఈ కేబుల్‌కు ఎర్నెస్ట్ బౌడెన్ 1896లో పేటెంట్ పొందారు. చవక, తేలిక, ఎవరైనా మార్చుకోవచ్చు. చిక్కంతా వంపుల్లోనే. తాడును స్తంభానికి రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే, అవతల పెద్ద పడవ లాగుతున్నా ఒక్క మనిషి ఆపగలడు. చుట్టు పెరిగేకొద్దీ రాపిడి కూడికలా కాక గుణకారంలా పెరుగుతుంది. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ లెక్క కట్టింది దీన్నే. హ్యాండిల్ నుంచి ఇంజన్ దాకా కేబుల్ తిరిగే వంపులన్నీ కలిపి 180 డిగ్రీలు అనుకోండి. కేబుల్ శుభ్రంగా ఉండి, రాపిడి ఎంతో చెప్పే రాపిడి గుణకం 0.1 ఉన్నప్పుడు, ఇంజన్ దగ్గర 100 న్యూటన్ల బలం అందాలంటే లివర్ వైపు సుమారు 137 న్యూటన్లతో లాగాలి. బురద చేరి గుణకం 0.3 అయితే అదే పనికి 257 కావాలి. స్ప్రింగు మారలేదు, ప్లేట్లు మారలేదు, చేతి మీద భారం మాత్రం దాదాపు రెట్టింపైంది.

పాత కేబుల్‌ను ఒకసారి విప్పి చూడండి. లివర్ దగ్గర తీగ చివరి గుండు, నిపుల్ పక్కన సన్నని పోగులు రెండు మూడు తెగి, ముళ్లలా పైకి లేచి ఉంటాయి. గొట్టం నోట్లోంచి తుప్పు కలిసిన ముద్ద బయటికి వస్తుంది. మన చేతి బలం కొంత ఖర్చయ్యేది అక్కడే.

హైడ్రాలిక్‌లో ఆ దారి మొత్తం మారిపోతుంది. లివర్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ఆయిల్‌ను తోస్తే, పైపు గుండా ఆ ఒత్తిడి ఇంజన్ దగ్గరి స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను కదుపుతుంది. మూసి ఉన్న ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులా ఒకేలా పాకుతుందన్న పాస్కల్ సూత్రం 1663లో, ఆయన చనిపోయాక అచ్చయింది. పైపు ఎన్ని వంపులు తిరిగినా నిలకడ ఒత్తిడి తగ్గదు. సీళ్ల దగ్గర మాత్రం కొద్దిపాటి రాపిడి ఉంటుంది. ఇంజన్ వైపు పిస్టన్‌ను పెద్దది చేసి బలం పెంచుకోవచ్చు, అయితే ఆ మేరకు అది కదిలే దూరం తగ్గుతుంది. దూరం మరీ తగ్గితే ప్లేట్లు పూర్తిగా విడవవు, గేరు వేసి క్లచ్ నొక్కి ఉంచినా బండి ముందుకు పాకుతుంది. అందుకే సైజులు చూడకుండా దొరికిన మాస్టర్ సిలిండర్ తగిలించడం నాకు నచ్చదు.

ఇందులో పని చేసే ఆయిల్ ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 9.5 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ 12 మిల్లీమీటర్లు కదిలితే తోసేది సుమారు 0.85 మిల్లీలీటర్లే. అందులో 0.2 మిల్లీలీటర్ల గాలి బుడగ ఉంటే, ఒత్తిడికి అది నలిగి దాదాపు మాయమవుతుంది, లివర్ కదలికలో పావు వంతు వృథా పోతుంది. కాబట్టి గాలి తీయడంలో ఓపిక కావాలి. బుడగలు పైకే పోవాలనుకుంటాయి. కింద స్లేవ్ సిలిండర్ వైపు నుంచి సిరంజితో మెల్లగా ఆయిల్ ఎక్కిస్తే, పైన ఆయిల్ నిలవుండే రిజర్వాయర్‌లో ఆవగింజల్లాంటి బుడగలు ఒకటొకటిగా తేలి పగులుతుంటాయి. అవి ఆగేదాకా ఆపకండి.

ఏ ఆయిల్ అన్నది తయారీదారు చెప్పిందే వాడాలి. కొన్ని కిట్లు డాట్ 4 బ్రేక్ ఆయిల్‌తో నడుస్తాయి, మగురా కంపెనీ హైమెక్ లాంటివి మినరల్ ఆయిల్‌తో. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

నాకు ఇందులో బాగా నచ్చేది మాస్టర్ సిలిండర్‌లోని ఒక సన్నని రంధ్రం. లివర్ వదిలినప్పుడు అది తెరుచుకుని పైపును రిజర్వాయర్‌తో కలుపుతుంది. వేడికి ఆయిల్ ఉబ్బినా, ప్లేట్లు అరిగినా, అవసరమైనంత ఆయిల్ అటూ ఇటూ సర్దుకుంటుంది. కేబుల్‌లా మాటిమాటికీ స్క్రూ తిప్పాల్సిన పని ఉండదు. కానీ లివర్‌కు కాస్త ఆట, అంటే ఖాళీ కదలిక, లేకుండా బిగిస్తే పిస్టన్ ఆ రంధ్రాన్ని మూసే ఉంచుతుంది. ఇంజన్ వేడెక్కగానే ఉబ్బిన ఆయిల్‌కు దారి దొరకక స్లేవ్‌ను తానే తోస్తుంది. చేయి వేయకుండానే క్లచ్ జారడం మొదలవుతుంది.

చాలా స్పోర్ట్ ఏటీవీల్లో పార్కింగ్ బ్రేక్, స్టార్టర్‌కు సంబంధించిన క్లచ్ స్విచ్ రెండూ పాత లివర్ మీదే ఉంటాయి. కొత్త లివర్‌కు అవి ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి. చేయి నొప్పి ఒక్కటే సమస్యైతే, ముందు కొత్త కేబుల్ వేసి, వంపులు తగ్గించి చూడమంటాను. అప్పటికీ బరువుగా ఉంటే హైడ్రాలిక్‌కు వెళ్లండి. బిగించాక హ్యాండిల్‌ను కుడికీ ఎడమకీ చివరిదాకా తిప్పి పైపు లాగుకోవడం లేదని, సైలెన్సర్‌కు తగలడం లేదని చూడండి. ఇంజన్ బాగా వేడెక్కాక లివర్‌ను వేలితో కదిపి, ఆ కాస్త ఆట ఇంకా ఉందో లేదో చూడండి.