నది ఒడ్డున డిన్నర్, పక్కనే ట్రిబ్యూట్ షో: అపోహలు - వాస్తవాలు

నది ఒడ్డున జనం భోంచేస్తూ ఉంటే, స్టేజీ మీద ఒక బ్యాండ్ ఎవరో పేరున్నవాళ్ల పాటలు వాయిస్తూ ఉంటుంది. అలాంటి చోట సౌండ్ చూసేది నేను. బ్రేక్ ఇవ్వగానే ఎవరో ఒకరు నా సౌండ్ మిక్సర్ దగ్గరికొచ్చి ఒక మాట విసిరి పోతారు, ఆ మాటల్లోంచి ఏరినవే ఇవి.

అపోహ: ట్రిబ్యూట్ అంటే విగ్గు పెట్టుకుని చేసే మిమిక్రీ.

కనిపించేది విగ్గే కాబట్టి అలా అనిపిస్తుంది. అసలు పని వేరే చోట ఉంది. రికార్డుల్లో చాలా పాటలు ముగియవు, సౌండ్ మెల్లగా తగ్గుతూ మాయమైపోతాయి. స్టేజీ మీద అలా కుదరదు కదా, ఎక్కడో ఒకచోట అందరూ ఒకేసారి ఆపాలి. అసలు బ్యాండ్ తన కచేరీల్లో ఎలా ఆపిందో పాత రికార్డింగులు విని పట్టుకుంటారు, దొరక్కపోతే తామే ఒక ముగింపు కట్టుకుంటారు; రిహార్సల్స్‌లో గొడవలు ఎక్కువగా దీని మీదే. ఇక స్థాయి సంగతి అంటారా, ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో అనే ట్రిబ్యూట్ బ్యాండ్ 1996లో సాక్షాత్తూ పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 50వ పుట్టినరోజు వేడుకలోనే వాయించింది. అదే ఏడాది జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్, తమ పాటలే పాడుతూ తిరిగిన ట్రిబ్యూట్ సింగర్ టిమ్ ఓవెన్స్‌ని ఏకంగా తమ గాయకుడిగా పెట్టుకుంది.

అపోహ: అంతా ట్రాకే, పెదవులు కదిలిస్తారంతే.

ట్రాక్, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న సౌండ్, వాడే బ్యాండ్లు ఉన్నాయి, దాచేదేం లేదు. స్టూడియోలో ఒకే గొంతుని ఐదారుసార్లు ఒకదాని మీద ఒకటి రికార్డు చేసిన పాటని నలుగురు మనుషులు ఎలా పాడతారు? ఆ వెనక గొంతులు, వయొలిన్లు ల్యాప్‌టాప్ నుంచి వస్తాయి, దానికి తగ్గట్టు డ్రమ్మర్ చెవిలో టిక్ టిక్ మంటూ క్లిక్ మోగుతుంటుంది. ఒకరోజు పాట మధ్యలో ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయింది. నాకు చేతులు చల్లబడ్డాయి. డ్రమ్మర్ మాత్రం తలెత్తకుండా వాయించుకుంటూ పోయాడు, భోజనాల దగ్గర ఒక్కరూ గమనించలేదు.

అపోహ: స్టేజీ ముందు టేబుల్ దొరికితే అదృష్టం.

ఫొటోలకైతే అవును. అక్కడ డ్రమ్స్, గిటార్ యాంప్ నేరుగా చెవిలో పడతాయి, పాడేవాళ్ల గొంతేమో పెద్ద స్పీకర్లలోంచి మీ తల మీదుగా వెనక్కి వెళ్లిపోతుంది. నేను కూర్చున్న చోట ఎలా వినిపిస్తే దాన్ని బట్టే మిక్స్ చేస్తాను, కాబట్టి మిక్సర్ దగ్గర టేబుల్ అడగండి.

అపోహ: పక్కన నదే కదా, ఎంత సౌండ్ పెట్టినా ఎవరికీ ఇబ్బంది లేదు.

నాకు తలనొప్పి తెచ్చేది ఇదే. ఈదురుగాలి లేని సాయంత్రం నీటిని ఆనుకున్న గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉందంటే, పైకి పోవాల్సిన శబ్దం వంగి మళ్లీ కిందికే వస్తుంది. మధ్యలో అడ్డుపడే చెట్టూ గోడా ఏమీ లేవు. ఒకసారి అవతలి ఒడ్డు నుంచి ఫోన్ వచ్చింది. ఆయన తిట్టలేదు, ఇప్పుడు ఏ పాట నడుస్తోందో చెప్పి పెట్టేశాడు. అప్పట్నుంచి పొద్దుపోయేకొద్దీ బేస్ తగ్గించుకుంటూ వస్తాను. తేమ ఇంకో గోల, చెక్క గిటార్‌కి శ్రుతి నిలవదు. పాటకీ పాటకీ మధ్య సింగర్ చెప్పే కబుర్లలో సగం వెనక ట్యూనింగ్ అయ్యేదాకా కాలక్షేపమే.

అపోహ: అసలు పాట రాసినవాళ్లకి దమ్మిడీ పోదు.

సాధారణంగా వేదికవాళ్లు పాటల హక్కులు చూసే సంస్థకి లైసెన్స్ ఫీజు కడతారు, అది రచయితలకీ పబ్లిషర్లకీ చేరుతుంది. పాడి పేరు తెచ్చుకున్న గాయకుడు ఆ పాట రాయకపోతే ఇందులో అతనికి వాటా ఉండదు.

అపోహ: డిన్నర్ వేరు, షో వేరు.

పాటల లిస్టు కాపీ ఒకటి మా కిచెన్ గోడకి అంటించి ఉంటుంది. హోరెత్తే పాటల్లో ప్లేట్లు తీస్తారు, మెల్లని పాట వచ్చేసరికి సర్వర్లు పక్కకి తప్పుకుంటారు, మిక్సీ ఆగుతుంది. ఫోర్కు ప్లేటుకి తగిలే చప్పుడు సరిగ్గా పాటలో మాటలు తెలిసే ఫ్రీక్వెన్సీల్లోకే వచ్చి పడుతుంది, నేను ఎంత వాల్యూమ్ పెంచినా దాన్ని దాచలేను. అందుకే ఆ పాటకి ముందు కిచెన్ తలుపు దగ్గర నిలబడ్డ మేనేజర్ నాకేసి చెయ్యెత్తుతాడు, ఆ చెయ్యి కనిపించాకే నేను సింగర్‌కి టార్చి ఊపుతాను.