మందుకు లొంగని బ్యాక్టీరియా: పటాన్‌చెరు వాగుల వెనుక కథ

2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటి పరీక్షల ఫలితాలు ప్రచురించింది. శుద్ధి చేశాక వదిలిన నీళ్లవి. అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు తేలింది. సిప్రో బిళ్ల వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. ఆ కేంద్రానికి రోజూ సుమారు 15 లక్షల లీటర్ల వ్యర్థజలం వచ్చేది. లెక్కేస్తే ఆ ఒక్క మందే రోజుకు 45 కిలోల దాకా వాగులోకి పోయిందన్నమాట.

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. 1961లో ఏర్పాటైన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాయంతో బాలానగర్‌లో మందుల కర్మాగారం కట్టింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లలో చాలామంది తర్వాత సొంతంగా బల్క్ డ్రగ్ (బిళ్లల్లో వాడే అసలు మందు) తయారుచేసే యూనిట్లు పెట్టారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు అలా నిండాయి. ప్రపంచానికి చవగ్గా మందులు అందాయి, వేల ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఇస్కవాగు, నక్కవాగుల ఒడ్డున పొలాలున్న రైతులు మాత్రం నష్టపోయారు. 1990లోనే ఈ కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అప్పుడు గొడవంతా రంగు మారిన నీళ్లు, చచ్చిన చేపలు, పండని వరి గురించే. ఆ నీళ్లలో బ్యాక్టీరియా ఏమవుతోందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది.

మందు తగిలాక బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు శాస్త్రవేత్తల్లోనూ ఈ అభిప్రాయం ఉండేది. 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ దాన్ని పరీక్షకు పెట్టారు. బ్యాక్టీరియాను చాలా గొట్టాల్లో విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టంలోని బ్యాక్టీరియాను, మందుకు బదులు వాటిని చంపే వైరస్ ఉన్న పళ్లెం మీద పోశారు. వైరస్ తగిలాకే తట్టుకునే గుణం వచ్చేటట్టయితే, అన్ని పళ్లాల్లోనూ ఇంచుమించు ఒకే సంఖ్యలో మిగలాలి. కానీ కొన్నింట్లో ఒక్కటీ బతకలేదు, కొన్నింట్లో వందలు బతికాయి. అంటే ఆ మార్పు వైరస్ కంటపడకముందే, గొట్టంలో ఎప్పుడో గుడ్డిగా జరిగిపోయింది. మార్పు తొందరగా జరిగిన గొట్టంలో మారినవాటి సంతానం ఎక్కువ, అంతే.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 1950ల్లో జపాన్‌లో రక్త విరేచనాల రోగుల దగ్గర ఒకేసారి మూడు నాలుగు మందులకు లొంగని షిగెల్లా అనే బ్యాక్టీరియా కనిపించింది. గుడ్డి మార్పులు అన్నన్ని ఒకేసారి కుదరడం దాదాపు అసాధ్యం. 1959లో అక్కడి పరిశోధకులు అసలు సంగతి పట్టుకున్నారు. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి, వేరే జాతి అయినా సరే, మందును తట్టుకునే జన్యువులు కట్టగా చేరిపోతున్నాయి.

1980ల చివర్లో ఇంటిగ్రాన్లు బయటపడ్డాయి. ఇవి బ్యాక్టీరియా డీఎన్ఏలో ఒక ప్రత్యేకమైన చోటు. బయటి నుంచి వచ్చిన జన్యువులు ఇక్కడ రైలుబోగీల్లా ఒకదాని వెనుక ఒకటి తగులుకుంటాయి. ముందున్నది బాగా పనిచేస్తుంది, వెనకున్నవి మందకొడిగా ఉంటాయి. ఇంటిగ్రేజ్ అనే ఎంజైము వాటిని విడదీసి వరస మార్చగలదు. 2009లో తేలిన విషయం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. మామూలు రోజుల్లో ఈ ఎంజైము దాదాపు ఆగిపోయి ఉంటుంది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణంలో మోగే అత్యవసర వ్యవస్థే, అంటే ఎస్ఓఎస్ స్పందనే, దాన్ని నడిపిస్తుంది. సిప్రో చేసే పని సరిగ్గా డీఎన్ఏను దెబ్బతీయడమే! మందే మార్పుల వేగాన్ని పెంచుతోందన్నమాట.

బ్యాక్టీరియాకు ముందుచూపు ఉందని దీనర్థం కాదు. 1988లో రిచర్డ్ లెన్‌స్కీ అమెరికాలో పేగుల్లో ఉండే ఈ-కోలై అనే ఒకే బ్యాక్టీరియా నుంచి 12 ఫ్లాస్కుల్లో బ్యాక్టీరియాను పెంచడం మొదలుపెట్టారు. 10,000 తరాలు గడిచేసరికి మూడు ఫ్లాస్కుల్లో డీఎన్ఏ తప్పులు దిద్దే వ్యవస్థ చెడి, మార్పుల రేటు ఎన్నో రెట్లు పెరిగింది. ఎక్కువ తప్పులు చేసే వంశానికి మంచి మార్పు కూడా ముందు తగిలింది. ఆ మార్పుతోపాటు తప్పులు చేసే గుణమూ నిలిచిపోయింది. పరిసరాలు నిలకడగా ఉంటే ఇది భారమే, ఎందుకంటే చాలా మార్పులు హాని చేసేవే. పరిసరాలు పదేపదే మారుతుంటే మాత్రం, త్వరగా మారగలిగే వంశాలే మిగులుతాయి. మారే సామర్థ్యం కూడా అలా ఎంపికవుతుంది.

పటాన్‌చెరులో జరిగింది ఇదేనని నా అభిప్రాయం. ఆ కేంద్రంలో శుద్ధి బాగా జరగాలని పరిశ్రమల నీళ్లలో మనుషుల మురుగు కూడా కలిపేవారు. మన పేగుల్లోని బ్యాక్టీరియా నేరుగా మందుల మధ్యలో పడిందన్నమాట. 2011లో అక్కడి వాగు మట్టిని పరీక్షిస్తే మందును తట్టుకునే జన్యువులతోపాటు వాటిని మోసుకెళ్లే ఇంటిగ్రాన్లు కూడా పెద్దఎత్తున కనిపించాయి. 2013 నాటి మరో అధ్యయనంలో ఆ కేంద్రం నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాలో 86 శాతం, 20 లేదా అంతకంటే ఎక్కువ యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు.

తర్వాత ఆ నీళ్లను పైపులైన్‌లో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి పంపారు. ఎక్కువ నీళ్లలో కలిస్తే మందు పలచనవుతుందన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ బ్యాక్టీరియాను చంపడానికి కావలసిన మోతాదులో వందోవంతు కన్నా తక్కువ ఉన్నా తట్టుకునే రకాలే పైచేయి సాధించగలవని స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు 2011లో చూపించారు. కాబట్టి మందును కర్మాగారం గేటు దాటకముందే ఆపాలి. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. ముసాయిదాలోంచి తీసేసిన పరిమితులను తిరిగి పెట్టడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.