లైంగిక విద్య: 2007 నాటి తగవు ఇంకా తీరలేదు

లైంగిక విద్యను తొమ్మిదో తరగతి వచ్చేదాకా ఆగకుండా ఇంకా చిన్న వయసు నుంచే చెప్పాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో అనడంతో పాత వాదనలన్నీ మళ్లీ బయటికి వచ్చాయి. చెబితే పిల్లలు చెడిపోతారని ఒక పక్షం, చెప్పకపోతేనే చెడిపోతారని మరో పక్షం. లైంగిక నేరారోపణ ఎదుర్కొన్న ఉత్తరప్రదేశ్‌కు చెందిన పదిహేనేళ్ల బాలుడి బెయిలు వ్యవహారంలో జస్టిస్ సంజయ్ కుమార్, జస్టిస్ ఆలోక్ అరాధే ధర్మాసనం ఈ మాట అంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఈ విషయాలు బోధిస్తున్నామని రాష్ట్ర ప్రభుత్వం అఫిడవిట్ వేసింది. అప్పటికే ఆలస్యమవుతోంది కదా అన్నది కోర్టు సందేహం.

కుటుంబ నియంత్రణ రోజులనూ జనాభా విద్యనూ తవ్వుకుంటూ ఈ చరిత్ర మొదలుపెట్టడం ఆనవాయితీ. అదంతా అందరికీ తెలిసిందే. ఇవాళ్టి తగవుకు ఈ రూపం వచ్చింది మాత్రం 2005, 2009 మధ్య. ఆ నాలుగేళ్లలో ఎవరు ఏమి అడిగారో, వారికి దక్కింది ఏమిటో చూడకుండా ఈనాటి కోపాలు అర్థం కావు.

2005లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కలిసి కౌమార విద్యా కార్యక్రమాన్ని తెచ్చాయి. యూనిసెఫ్, ఐక్యరాజ్య సమితి జనాభా నిధి తోడు నిలిచాయి. ప్రధానంగా ఉన్నత పాఠశాల, ఇంటర్ విద్యార్థుల కోసం దీన్ని ఉద్దేశించారు. ఎదిగే పిల్లలకు తమ శరీరం గురించి తెలియాలన్న ఆలోచన కన్నా ఎయిడ్స్ భయమే దీన్ని బడిలోకి తోసింది. 2006లో భారత్‌లో హెచ్ఐవీ ఉన్నవారు 57 లక్షల మందని ఐక్యరాజ్య సమితి ఎయిడ్స్ విభాగం అంచనా వేసింది. దక్షిణాఫ్రికాను దాటి మనం ప్రపంచంలోనే మొదటి స్థానానికి వచ్చామన్న వార్త అప్పట్లో గుండెలదరగొట్టింది. దేశంలో బాధితుల సంఖ్య అత్యధికంగా ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. ఇంత భయం ఉన్నప్పుడు తొందర సహజం. ఆ తొందరలోనే, పిల్లల ఎదుగుదల గురించి చెప్పవలసిన పాఠం రోగ నివారణ పథకంగా తరగతి గదిలో అడుగుపెట్టింది.

2007 వేసవి నాటికి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తలుపులు మూశాయి. గుజరాత్, మధ్యప్రదేశ్ నిరాకరించాయి. కర్ణాటకలో అప్పుడున్నది జేడీఎస్, బీజేపీ ఉమ్మడి ప్రభుత్వం, అదీ నిరాకరించింది. కాంగ్రెస్, ఎన్‌సీపీలు పాలిస్తున్న మహారాష్ట్ర కూడా ఇదే బాట పట్టింది. ఇది కేవలం కాషాయ పార్టీల పట్టుదల అని రాసేవారు మహారాష్ట్రను ఎందుకో మరిచిపోతుంటారు. మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ దీని బదులు యోగా నేర్పుతామన్నారు. ఉత్తరప్రదేశ్‌లో ఉపాధ్యాయ సంఘాలే రోడ్డెక్కాయి.

వ్యతిరేకులు చెప్పినదాన్ని వెటకారం లేకుండా వినాలి. మొట్టమొదటి అభ్యంతరం బొమ్మల మీద. శిక్షణ సామగ్రిలోని శరీర చిత్రాలు తరగతిలో చూపదగినవి కావని ఉపాధ్యాయులే అన్నారు. నలభై, యాభై మంది మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి కూర్చున్న గదిలో, కొద్దిపాటి శిక్షణతో వచ్చిన లెక్కల మాస్టారు జననాంగాల పటం విప్పవలసి వస్తే ఆయన పడే ఇబ్బందిని ఛాందసం అని కొట్టిపారేయడం తేలిక. కానీ పాఠం చెప్పవలసింది ఆయనే. రెండో అభ్యంతరం, ఇంట్లో వాళ్లను ఎవరూ అడగలేదన్నది. ఢిల్లీలో ఒక శాఖ, ఒక సంస్థ, కొన్ని అంతర్జాతీయ నిధులు కలిసి నిర్ణయిస్తే, మా పిల్లలకు ఏ వయసులో ఏమి చెప్పాలో తేల్చే హక్కు మాకు లేదా అని తల్లిదండ్రులు అడిగారు. మూడోది నైతికమైనది. సంయమనం గురించి ఒక్క మాట లేకుండా కండోమ్ గురించి మాత్రమే చెబితే, అది అనుమతి ఇచ్చినట్టే అవుతుందని వారి వాదన. దీనానాథ్ బాత్రా నడిపిన శిక్షా బచావో ఆందోళన్ సమితి వంటివి ఈ మూడో మాటనే గట్టిగా పట్టుకున్నాయి. మొదటి రెండూ క్రమంగా వినబడకుండా పోయాయి. నా దృష్టిలో నష్టం అక్కడే మొదలైంది.

ఈలోగా కార్యక్రమం కాళ్ల కింద నేల జారిపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రక్త పరీక్షల ఆధారంగా 2007 జులైలో కొత్త లెక్క తీశారు. హెచ్ఐవీ ఉన్నవారు 57 లక్షలు కాదు, దాదాపు 25 లక్షలని తేలింది. మంచి వార్తే. కానీ ఎయిడ్స్‌ను చూపించి బడిలోకి తెచ్చిన పాఠానికి ఇక వేరే సమర్థన కావాలి. విద్యాశాఖ దగ్గర అది సిద్ధంగా లేదు.

సమర్థన లేక కాదు. 2007 ఏప్రిల్‌లోనే కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ బాలలపై వేధింపుల అధ్యయనాన్ని వెలువరించింది. అప్పుడా శాఖ మంత్రి రేణుకా చౌదరి. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లూ, వాళ్లు నమ్మినవాళ్లూ. వేధింపులు అత్యధికంగా బయటపడిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాష్ట్రాలు పాఠాన్ని నిలిపివేస్తున్నదీ, ఈ లెక్క అచ్చయినదీ ఒకే కాలంలో. ఇంట్లో వాళ్లే చెబుతారు, బడి జోక్యం వద్దు అన్న వాదనకు ఈ అంకెల ముందు నిలబడడం కష్టం. రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి మాట్లాడించిన వారు తక్కువ.

అసలు మలుపు ఆ ఏడాదే రాజ్యసభకు వెళ్లిన ఒక పిటిషన్‌తో మొదలైంది. ముంబైకి చెందిన ప్రతిభా నైథానీ, మరికొందరు దాన్ని సమర్పించారు. దాన్ని నిదానంగా చదవాలి. సీబీఎస్ఈ బడుల్లో లైంగిక విద్య ప్రవేశపెట్టే విధానంపై జాతీయ స్థాయిలో చర్చ జరగాలి, ఏకాభిప్రాయం కుదరాలి, అప్పటిదాకా ఆపాలి అన్నది అందులోని కోరిక. శాశ్వతంగా వద్దని అందులో లేదు. మాట్లాడుకుందాం అన్నారు. ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా మర్యాదైన కోరిక ఉండదు.

ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009 మార్చిలో తన 135వ నివేదిక ఇచ్చింది. చర్చ కోరితే తీర్పు వచ్చింది. మన సామాజిక, సాంస్కృతిక స్వభావంలో లైంగిక విద్యకు బొత్తిగా చోటు లేదంది. ఆకలి, భయం, దురాశ లాంటి సహజ ప్రవృత్తులను ఎవరూ నేర్పనక్కరలేదు, ఇదీ అలాంటిదేనంది. పెళ్లికి ముందు శృంగారం అనైతికం, అనారోగ్యకరం అన్న సందేశం పిల్లలకు చేరాలంది. సాధువుల, స్వాతంత్ర్య యోధుల జీవితాలు పాఠ్యాంశాలుగా పెట్టాలంది. కౌమారంలో శారీరక, మానసిక ఎదుగుదల, హెచ్ఐవీ వంటి అధ్యాయాలను ఉన్న పాఠ్యక్రమం నుంచి తీసివేసి, ఇంటర్ స్థాయిలో జీవశాస్త్రంలో చేర్చాలని సిఫారసు చేసింది. ఆ చివరి వాక్యం ముఖ్యం. దాని లెక్క ప్రకారం, పదో తరగతితో బడి మానేసిన పిల్లకు తన శరీరం గురించి బడి ఒక్క ముక్కా చెప్పదు. ఆర్ట్స్ గ్రూపు తీసుకున్న కుర్రాడికీ అంతే.

ఇది పాశ్చాత్య దిగుమతి అన్న మాట అప్పుడూ వినిపించింది, ఇప్పుడూ వినిపిస్తోంది. పెళ్లి దాకా ఆగండి అన్న సందేశానికి ఆ రోజుల్లో ప్రపంచంలోనే పెద్ద పోషకుడు వాషింగ్టన్ అన్నది ఎవరికీ గుర్తుండదు. 1996 నాటి చట్టంతో అమెరికా సమాఖ్య ప్రభుత్వం ఏటా 5 కోట్ల డాలర్లు దానికే ప్రత్యేకించింది. 2003 నాటి చట్టంతో, విదేశాల్లో ఎయిడ్స్ నివారణకు ఇచ్చే నిధుల్లో మూడో వంతు కూడా దానికే కేటాయించింది. అమెరికా బడుల్లోని ఆ కార్యక్రమాల ఫలితాన్ని కొలిచిన అధ్యయనం కూడా 2007 ఏప్రిల్‌లోనే వచ్చింది. ఆ పాఠం విన్న పిల్లలకూ వినని పిల్లలకూ ప్రవర్తనలో తేడా కనబడలేదని అది తేల్చింది. దిగుమతి సరుకు రెండు పక్షాల అరల్లోనూ ఉంది.

కమిటీ సిఫారసులు చట్టం కావు. కేంద్రం కార్యక్రమాన్ని రద్దు చేయలేదు. సామగ్రిని సవరించి, కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో, సీబీఎస్ఈ బడుల్లో నడిపింది. ఎక్కువ మంది పిల్లలున్న రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో పరిస్థితి ఆయా రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. 2006లో మొదలైన జార్ఖండ్ బడుల కౌమార విద్యా కార్యక్రమం ‘ఉడాన్’ లాంటివి నిలబడ్డాయి. మిగతా చోట్ల మౌనమే విధానమైంది.

మూడేళ్లలో మరో పార్లమెంటరీ సంఘం వంతు వచ్చింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో బిల్లు 2011లో వచ్చినప్పుడు 16, 18 ఏళ్ల మధ్య పరస్పర సమ్మతిని పరిగణించేందుకు అందులో ఒక వెసులుబాటు ఉండేది. స్థాయీ సంఘం దాన్ని తీసివేయమంది. 2012 నవంబరు 14 నుంచి అమలైన చట్టంలో పద్దెనిమిది నిండని వారి సమ్మతికి విలువ లేదు. చిన్నపిల్లలను కాపాడడానికి ఇది అవసరమని చాలామంది నమ్మారు, అందులో తప్పు లేదు. అయితే రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటర్‌లో జీవశాస్త్రం తీసుకోని పదహారేళ్ల కుర్రాడికి ఏదీ చెప్పనక్కరలేదు అన్నట్టు ఒక కమిటీ సిఫారసు. వాడు ప్రేమలో పడి ముందుకెళితే అది కనీసం ఏడేళ్ల శిక్ష (2019 సవరణ తరువాత పదేళ్లు) రాసిపెట్టిన నేరం అని మరో సంఘం పట్టుబట్టి సాధించిన చట్టం. ఆ చట్టం గురించయినా వాడికి ఎవరు చెబుతారు? ఢిల్లీ నిర్భయ ఘటన తరువాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో పిల్లలకు లైంగికత గురించి సరైన విద్య అందాలని రాసింది. ఆ కమిటీ చెప్పిన శిక్షలు చట్టాలలోకి ఎక్కినంత వేగంగా పాఠాలు పుస్తకాలలోకి ఎక్కలేదు.

తరువాతి పదేళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. 2014 జూన్‌లో కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ వెబ్‌సైట్‌లో లైంగిక విద్యను నిషేధించాలన్న వాక్యం కనిపించి దుమారం రేగింది. స్వయంగా వైద్యుడు, ఢిల్లీలో పోలియో చుక్కల ఉద్యమం నడిపిన మనిషి. అసభ్యతకే తన వ్యతిరేకత అని ఆయన వివరణ ఇచ్చారు. ఎయిడ్స్ ప్రచారంలో కండోమ్‌తో పాటు దాంపత్య నిష్ఠకూ ప్రాధాన్యం ఉండాలన్నది ఆయన మరో మాట. అందులో ఆరోగ్యపరంగా తప్పుపట్టేదేమీ లేదు, పెళ్లికాని వారికి ఏమి చెబుతారన్నది తప్ప. 2017 డిసెంబరులో కండోమ్ ప్రకటనలను రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే చూపాలని టీవీ ఛానళ్లకు సూచన వెళ్లింది. 2019 నాటి జాతీయ విద్యా విధానం ముసాయిదాలో సమ్మతి, వేధింపులు, స్త్రీల పట్ల గౌరవం వంటి అంశాలతో సెకండరీ స్థాయిలో లైంగిక విద్య ప్రస్తావన స్పష్టంగా ఉంది. 2020 తుది పత్రంలో అది లేదు. మరోవైపు, అదే 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం పెట్టుకున్న 11 అంశాల్లో పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్ఐవీ నివారణ ఒకటి. వారానికో గంట, బడికి ఇద్దరు శిక్షణ పొందిన టీచర్లు.

ఆ తరువాత మాట్లాడవలసిన వారు మాట్లాడక కోర్టులు మాట్లాడాయి. పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర ఉంచుకోవడం, చూడడం కేసులో 2024 సెప్టెంబరు 23న తీర్పు ఇస్తూ, లైంగిక విద్య విచ్చలవిడితనాన్ని పెంచుతుందన్నది అపోహ అని సుప్రీంకోర్టు రాసింది, నిపుణుల కమిటీని సూచించింది, ఉడాన్‌ను ఉదాహరణగా చూపింది. 2025 మే 23న పశ్చిమ బెంగాల్ పోక్సో కేసులో, నేరం రుజువైనా శిక్ష విధించకుండా ప్రత్యేక అధికారాన్ని వాడింది. సమగ్ర లైంగిక విద్యా విధానాన్ని పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. అదే కేసులో 2023లో కలకత్తా హైకోర్టు ఆడపిల్లలు కోరికలను అదుపులో పెట్టుకోవాలని ఉపదేశం చేసిన సంగతి తెలిసిందే. అక్టోబరు మాట ఈ వరుసలో మూడోది. ఎయిడ్స్ పేరుతో వచ్చిన పాఠం ఇప్పుడు నేరం పేరుతో తిరిగి వచ్చింది. ఈసారి కూడా విద్యాశాఖ తనంతట తాను పిలిచింది కాదు.

తెలుగు పాఠకులకు ఇది దూరపు గొడవ కాదు. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20, 24 ఏళ్ల మధ్య స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. 15, 19 మధ్య వయసు ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. దేశ సగటు 6.8. పెళ్లికి ముందు వద్దు అన్న ఒక్క సూత్రం వీళ్లకు పనికిరాదు. వీళ్లలో చాలామందికి పెద్దలే ముందుగా పెళ్లి చేశారు.

ఏడో తరగతి కొత్త ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకంలో కౌమారంపై ఇప్పుడొక అధ్యాయం ఉంది. అంటే కోర్టు కోరిన వయసుకు పుస్తకం కొంత దగ్గరకు వచ్చింది. 2007లో వ్యతిరేకులు వేసిన మొదటి రెండు ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి. పాఠం చెప్పే మాస్టారికి ఎంత శిక్షణ ఇస్తారు, తల్లిదండ్రులను ఏ దశలో కూర్చోబెట్టి మాట్లాడతారు? అక్టోబరు ఉత్తర్వు ఈ పనిని సంబంధిత అధికారులకు వదిలింది.