యూటా బీరు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో జయాన్, బ్రైస్ నేషనల్ పార్కులు చూడ్డానికి వచ్చిన మనవాళ్లు బ్రూవరీలో (బీరు తయారుచేసి అక్కడే పోసే చోటు) కూర్చోగానే అడిగేది ఒకటే: "ఇక్కడి బీరు నీళ్లేనటగా?"

అపోహ: యూటా బీరు పల్చన, రెండు గ్లాసులు తాగి బండి నడిపినా ఏం కాదు.

వాస్తవం: కొంప ముంచేది ఇదే. బీరులో ఆల్కహాలుకు పాత చట్టం పెట్టిన 3.2 శాతం హద్దు బరువు లెక్క. ఆల్కహాలు నీటికన్నా తేలిక కనుక పరిమాణంలో అది 4 శాతం. 2019 నవంబరు 1 నుంచి కిరాణా స్టోర్లలోనూ, ట్యాప్ మీదా (పీపా నుంచి నేరుగా గ్లాసులోకి పోసేది) 5 శాతం దాకా అమ్ముతున్నారు. అంతకుమించినవి సీసాల్లో, క్యాన్లలోనే దొరుకుతాయి, 9 శాతం డబుల్ ఐపీఏలతో (ఘాటైన బీరు రకం) సహా.

మరోపక్క, మిగతా రాష్ట్రాల్లో 0.08గా ఉన్న డ్రైవింగ్ పరిమితి (రక్తంలో ఆల్కహాలు శాతం) 2018 డిసెంబరు 30 నుంచి ఇక్కడ 0.05. లెక్క చూడండి: 16 ఔన్సుల పైంటు (473 మి.లీ.) 5 శాతం బీరులో దాదాపు 19 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 70 కిలోల మగవాళ్లలో అది సుమారు 0.04కి చేరుతుంది, 60 కిలోల ఆడవాళ్లలో ఒక్క పైంటే 0.05 దాటించొచ్చు. గంటలో రెండు పైంట్లు లాగిస్తే మగవాళ్లూ దాటేస్తారు. 12 ఔన్సుల 9 శాతం క్యాన్ అయితే ఒక్కటే 25 గ్రాములు! శరీరం దించుకునేది గంటకు సుమారు 0.015. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఆ వేగాన్ని పెంచవు. ఇవన్నీ సగటు అంకెలు, మీ ఒంటికి హామీ కాదు. పైగా 0.05 లోపున్నా తడబడుతూ నడిపితే కేసు పెట్టొచ్చు.

హెచ్1బీ, ఎఫ్1 వాళ్లు మరీ జాగ్రత్త. కోర్టులో తేలకముందే, అరెస్టుతోనే వీసా రద్దు చేసే అవకాశం ఉంది.

అలాగని బెదిరిపోయి మానేయక్కర్లేదు. బండి నడిపేవాళ్లు ఒకరు ముట్టకుండా ఉంటే చాలు. స్ప్రింగ్‌డేల్ ఊళ్లో బస చేస్తే జయాన్ గేటు పక్కనున్న బ్రూవరీకి నడిచే వెళ్లొచ్చు.

"తిండి తీసుకోకపోతే పోయరు": రెస్టారెంట్లలో నిజం, బార్లలో కాదు. చిన్న ప్లేటు చెప్పినా సరిపోతుంది.

"జుట్టు నెరిసినవాళ్లను ఐడీ అడగరు": అడుగుతారు. ఇండియా లైసెన్సు చెల్లదు, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

"ఆదివారం అంతా బంద్": ప్రభుత్వ మద్యం దుకాణాలే మూస్తారు. బార్లు, కిరాణా స్టోర్లు మూయనక్కర్లేదు.

"వెనక సీట్లో కూర్చుని తాగొచ్చు": కుదరదు. మూత తీసిన క్యాన్, సగం మిగిలిన గ్రౌలర్ (బ్రూవరీలో బీరు నింపి ఇచ్చే పెద్ద సీసా) ఎవరి చేతిలో ఉన్నా నేరమే. డిక్కీలో పెట్టండి.